ఎండ్రకాయ వేసిన తోట

ఒకప్పుడు ఎండ్రకాయలు మనలాగే ముక్కుకు సూటిగా నడిచేవి. అందులోనూ డెక్కయ్య అనే ఎండ్రకాయ నడక చూసి తీరాల్సిందే! కత్తెరల్లాంటి డెక్కలు రెండూ పైకెత్తి, ఏటి గట్టున ఊరేగింపులా నడిచేవాడు.

ఆ గట్టు నిండా తుంగ, రెల్లు, వట్టివేళ్ల గడ్డి. వాటి మీద తూనీగలు వాలేవి. నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున ఇసుక రేణువులు కూడా కనిపించేవి.

ఒకసారి వరదలో ఊదారంగు పూల మొక్క ఒకటి కొట్టుకొచ్చింది.

"నీ పేరేంటి?" అని అడిగాడు డెక్కయ్య.

"గుర్రపుడెక్క."

"డెక్కా! అయితే మనం చుట్టాలమే!" డెక్కయ్య పొంగిపోయాడు.

"మరి నాకు చోటేది బావా? అంతా ఈ తుంగే అడ్డం."

"ఎంతసేపు! ఈ పిచ్చిగడ్డంతా పీకేస్తాను. ఏరంతా పూలతోట చేసేద్దాం."

పరిగె చేప కంగారుగా ఈదుకుంటూ వచ్చింది. "వద్దు తమ్ముడూ! మట్టిని పట్టుకుని ఉన్నవి ఆ గడ్డి వేళ్లే."

"తోటపని నీకేం తెలుసక్కా? అసలు చేతులున్నాయా నీకు?" అన్నాడు డెక్కయ్య. కరకరమని గడ్డంతా వేళ్లతో సహా పెకలించేశాడు.

చుట్టం ఒక్కతే వచ్చిందా, చూస్తుండగానే ఏరంతా పరుచుకుంది. నీళ్లలో వెలుతురు పోయింది. "నా తోట ఎలా ఉంది?" అని అడుగుదామంటే ఒక్క తూనీగైనా లేదు.

ఇంతలో పెద్దవాన. పట్టుకునే వేళ్లు లేక గట్టు జారిపోయింది. డెక్కయ్య బొరియ పూడిపోయింది. నెత్తిన బురదతో బయటపడేసరికి, పరిగె చేప నీళ్లపైన నోరు తెరిచి రొప్పుతోంది. పక్కనే దాని పిల్లలు.

"తమ్ముడూ, పిల్లలకు ఊపిరాడటం లేదు."

డెక్కయ్య పైకెత్తిన డెక్కలు రెండూ కిందికి దించాడు. "నా అంత తెలివైనవాడు ఈ ఏట్లోనే లేడనుకున్నానక్కా. నిజమే, తెలివి ఉన్నవాడెవడూ ఇలాంటి పని చెయ్యడు."

వెంటనే గుర్రపుడెక్కను నరకడం మొదలుపెట్టాడు.

"బావా! చుట్టాన్నే నరుకుతావా?"

"చుట్టానివే కాబట్టి నరుకుతున్నాను. చెప్తే వెళ్లేదానివా?"

నరికిన మొక్కలన్నీ ఒడ్డుకు లాగాడు. నీళ్ల మీద వెలుతురు పడింది. పరిగె పిల్లలు మెల్లగా ఊపిరి పీల్చుకున్నాయి.

తర్వాత ఎగువన మిగిలిన తుంగ, రెల్లు దుబ్బులు తెచ్చి, జారిన గట్టును మళ్లీ కట్టి, దాని పొడవునా నాటసాగాడు. ఒక డెక్కతో మొక్క పట్టుకుని, ఇంకో డెక్కతో మట్టి నొక్కేవాడు. గట్టుకేసి నిలబడి ఒకటి నాటేవాడు, పక్కకు జరిగి ఇంకొకటి. వరస వెంట వరస. పైన వాన, కింద బురద.

"మామా, ఇలాగైతే సూటిగా నడవడం మర్చిపోతావు!" అని పరిగె పిల్లలు కిలకిలా నవ్వాయి.

"సూటిగా నడిచి ఏం ఉద్ధరించాను, ఏరు ముంచడం తప్ప!" అన్నాడు డెక్కయ్య, పక్కకు జరుగుతూ.

వేళ్లు దిగాయి. మళ్లీ వరదొచ్చినా గట్టు కదల్లేదు. నీళ్లు తేటపడ్డాయి. తుంగ మొదళ్లలో పరిగె చేప గుడ్లు పెట్టింది.

"చూద్దువుగాని రా తమ్ముడూ!" అని పిలిచింది.

డెక్కయ్య ఎదురుగా అడుగు వేశాడు. కాళ్లు పక్కకు పోయాయి. మళ్లీ వేశాడు. మళ్లీ పక్కకే! "నా కాళ్లకు నాకన్నా బుద్ధి ఎక్కువ. ఇంకా నాటుతూనే ఉన్నాయి," అని పగలబడి నవ్వాడు. నాన్నను చూసి అతని పిల్లలూ అలాగే నడక నేర్చుకున్నారు.

అప్పటినుంచే ఎండ్రకాయలన్నీ పక్కకు నడుస్తున్నాయి.