ఎండల్లో ఎగిరే దూది

చలికి పళ్లు కొట్టుకుంటున్నప్పుడు కనిపించని బూరుగు దూది, చెమటలు కారే ఎండల్లో మన వాకిట్లోకి ఎందుకు ఎగిరొస్తుంది? ఎవరడిగారని?

ఒకప్పుడు బూరుగు చెట్టు ఇలా ఉండేది కాదు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది. చలి మొదలవగానే కాయలు ముదిరేవి. అడవిలో ఎవరొచ్చి అడిగినా ఓ కాయ విప్పి, పట్టులాంటి దూది ఇచ్చేది.

ఒక ఏడు వానల్లేక కాయలు తక్కువ కాశాయి. చలి మాత్రం ఎన్నడూ లేనంతగా పడింది. అందరూ ఒక్కసారే వచ్చిపడ్డారు. ఎవరికిచ్చినా మిగతావాళ్లు తనను ఆడిపోసుకుంటారని బూరుగుకి భయం. ముందెవరికివ్వాలో మీలో మీరే తేల్చుకోండి, అప్పుడే కాయ విప్పుతానంది.

ఇంకేం, సభ మొదలైంది. నక్క పెద్దరికం తీసుకుంది. నీళ్లలో నిలబడేది నేనని కొంగ, నా చెవులు చూడండని కుందేలు. డొప్ప ఉన్నదానికి దూది దేనికని కోతి వెక్కిరిస్తే, బుద్ధి లేనిదానికి సభ దేనికని తాబేలు తిప్పికొట్టింది. అందరూ నవ్వారు. భలే మాట్లాడారు, అందరూ.

వెనకాల ఒక ఉడుత నిలబడి ఉంది. దాని పిల్లకింకా బొచ్చు రాలేదు. తొర్రలో ముడుచుకుని వణుకుతోంది. నక్కను అడిగితే నీ వంతు రానీ అంది. ఉడుత నేరుగా బూరుగు దగ్గరికే వెళ్లింది.

"ఒక్క కాయ విప్పు అత్తా. సగం దూదైనా చాలు."

"నాకివ్వాలనే ఉందే తల్లీ. నీకు ముందిస్తే నలుగురూ నన్నేమంటారు? తీర్పు కానివ్వు."

సభ సాగింది. చలి ఎవరి వంతు కోసమూ ఆగలేదు.

చివరికి తీర్పు వచ్చింది. చాలా న్యాయమైన తీర్పు. బొచ్చు లేని ఉడుత పిల్లకే మొదటి కాయ అన్నారు. అప్పటికి ఎండలు ముదిరాయి. బూరుగు సంబరంగా కాయ విప్పి ఉడుతను పిలిచింది.

ఉడుత ఖాళీ తొర్రలోంచి తల బయట పెట్టింది.

"ఇప్పుడెవరికి కప్పను అత్తా?"

బూరుగు మీదున్న కాయలన్నీ ఒక్కసారిగా పగిలాయి. ఆ దూదిని ఎవరూ ముట్టలేదు. గాలి ఎత్తుకుపోయింది.

అప్పటినుంచే చలి రాగానే బూరుగు తన ఆకులన్నీ రాల్చేసుకుని, ఆ పిల్ల పడ్డ చలంతా ఒంటిమీద పడనిస్తుంది. కాయ మాత్రం ఎండల్లోనే పగులుతుంది. దూది ఎవరూ అడక్కుండానే గడప గడపకీ తిరుగుతుంది, ఆ పిల్లను వెతుక్కుంటూ.

ఈ ఎండల్లో అది మీ గడప దగ్గర ఆగితే ఊడ్చేయకండి. ఏరి దాచండి. చలి వచ్చిన మొదటి రోజే వణికేవాళ్ల చేతిలో పెట్టండి. వాళ్ల వంతు వచ్చిందా అని మాత్రం అడక్కండి.