ముళ్ళోడికి దొరికిన దారి

ఒకప్పుడు హెచ్ఐవి అనే వైరస్‌కి కౌగిలి అంటే ఏంటో తెలియదు. ఒళ్ళంతా ముళ్ళు, కడుపునిండా దురాశ. నెత్తురేట్లో ఒంటరిగా ఈదుకుంటూ తిరిగేవాడు. ఒంటి లోపల కాపురముండే వాళ్ళంతా వాణ్ణి ముళ్ళోడు అనేవాళ్ళు.

ఏట్లో వాడి బతుకు కుడితిలో పడ్డ ఎలుకే. పంగలకర్రలు పట్టుకున్న కావలివాళ్ళు ఏటి పొడవునా కాచుకుని ఉండేవాళ్ళు. ముల్లు తగిలితే చాలు, పంగలో ఇరికించి కదలనిచ్చేవాళ్ళు కాదు. వందమంది ముళ్ళోళ్ళు ఈదితే ఒడ్డు చేరేది ఏ ఒక్కడో.

అలా చేరిన ఒకడు ఒకరోజు తెల్లకణాల చావడికి కొట్టుకొచ్చాడు. ఆ ఒళ్ళు మంజులది. బీడీలు చుట్టి బతికే మనిషి. ఆమె లోపల ఇంత పెద్ద ఊరుందని పాపం ఆమెకే తెలియదు.

తెల్లకణాల పని ఆ ఒంటిని కాపాడటం. వాళ్ళకో కట్టుబాటు ఉంది. నోటితో ఎన్ని ముచ్చట్లైనా పెట్టుకుంటారు గానీ, శత్రువు వచ్చాడంటే నోటిమాట నమ్మరు. రొమ్ముకి రొమ్ము ఆనించి గట్టిగా అలాయ్ బలాయ్ ఇచ్చుకోవాల్సిందే. అసలు కబురు ఆ ఆనుడులోనే ఒకరినుంచి ఒకరికి చేరుతుంది.

ముళ్ళోడు అది పసిగట్టాడు. ఆ రెండు రొమ్ముల మధ్య పంగలకర్ర దూరడమే కష్టం. నా దారి ఇదేనని సంబరపడ్డాడు.

ఆ చావడిలో గట్టయ్య, ఇస్తారి అని ఇద్దరు అన్నదమ్ములు. ఒకే కణం రెండుగా చీలి పుట్టినవాళ్ళు, ఇంక వాళ్ళ ప్రేమ చెప్పాలా? ముళ్ళోడు గట్టయ్యలో దూరి, లోపలే పిల్లల్ని పెట్టాడు. గట్టయ్య ఎవరిని కావలించుకున్నా, ముళ్ళపిల్లలన్నీ ఆ వైపుకే ఉరికి, గడప దాటినట్టు అవతలివాడిలోకి దాటిపోయేవి.

గట్టయ్యకి సంగతి తెలిసేసరికి ఇస్తారి చేతులు చాచుకుని ఎదురొస్తున్నాడు.

"రాకు తమ్మీ. నా లోపల దొంగ ఉన్నడు. నన్ను ముట్టకు," అని గట్టయ్య దూరంగా పోయాడు. ఒక్కడే పోయి, ఒక్కడే చచ్చిపోయాడు. ఇస్తారి గుండె చెరువైంది.

ఇంకేముంది, చావడిలో కౌగిళ్ళు బందైపోయాయి. పక్కపక్కనే ఉంటారు, ఒకరినొకరు తాకరు.

సరిగ్గా అప్పుడే మంజులకి నిమ్ము చేసింది. కొమ్మలవ్వ రొప్పుకుంటూ వచ్చింది. ఒళ్ళంతా కొమ్మల్లాంటి చేతులున్న ముసలామె. పొలిమేరలన్నీ తిరిగి శత్రువు కబురు తేవడం ఆమె పని.

"ఊపిరితిత్తులల్ల నిమ్ము పురుగు దిగింది బిడ్డా. ఎవరన్న వచ్చి కబురు అందుకోండి," అని చేతులన్నీ చాచింది.

ఒక్కరూ కదల్లేదు.

"నీ చేతుల్ల ముళ్ళోడు లేడు గద అవ్వా?" అడిగాడు ఇస్తారి.

"ఉన్నడేమో బిడ్డా. అబద్ధం చెప్ప. ఇన్ని మడతల ఒళ్ళు నాది. ఏ మడతల నక్కిండో నాకేం ఎరుక?"

ఇస్తారికి భయమేసింది. భయం కాక ఏముంటుంది? ముట్టుకుంటే తాను పోతాడు. ముట్టుకోకపోతే మంజులే పోతుంది. ఇంతలో ఆమె దగ్గుకి చావడి చావడంతా అదిరింది. ఇస్తారి ముందుకు నడిచి అవ్వని కావలించుకున్నాడు.

కబురు అందింది. దాని వెనకే సన్నగా ముల్లు గుచ్చుకుంది.

అది తెలిసి కూడా ఇస్తారి ఊపిరితిత్తుల దిక్కు పరుగెత్తాడు. అతన్ని చూసి ఇంకొకడు అవ్వ దగ్గరికి కదిలాడు, వాడి వెనక ఇంకొకడు. కాసేపటికి చావడి అంతా లేచింది. ఆ దండుని చూసి కావలివాళ్ళు కర్రలు దించి నిలబడిపోయారు. అంత దండు అంతవరకు ఏ ఏరూ చూసి ఉండదు.

నిమ్ము పురుగు ఓడిపోయింది. రెండు రోజులకి ఇస్తారి కూడా ఒరిగిపోయాడు. పోయేముందు మంజుల ఊపిరి హాయిగా వస్తూ పోతూ ఉండటం విన్నాడు.

కొమ్మలవ్వ తన మడతల్లో నక్కిన ముళ్ళోడి వైపు తిరిగింది.

"మేం జడిసి కౌగిలి మానేస్తమనుకున్నవా? మానం. ఆ కౌగిలిని దొంగిలించినవు గద, ఇగ అదే నీకు గతి. బయటి గాలి నీకు పడదు. మనుషులు చెయ్యి చెయ్యి పట్టుకున్నా, ఒక్క కంచంల తిన్నా, గుండెకు హత్తుకున్నా నీకు తొవ్వ దొరకదు, పో."

తేలు కుట్టిన దొంగలా ముళ్ళోడు ఇంకో మడతలోకి జారుకున్నాడు.

అప్పటినుంచే వాడు ఏట్లో ఈదే కష్టం తగ్గించుకుని, తెల్లకణాలు ఆనుకున్న చోట ఒకరినుంచి ఒకరికి దాటుతున్నాడు. ప్రాణం మీదికి వస్తుందని తెలిసీ తెల్లకణాలు కౌగిలి మానలేదు. అప్పటినుంచే, బడినుంచి ఉరుక్కుంటూ వచ్చిన శిరీష తన తల్లి మంజులని ఎంత గట్టిగా కరుచుకున్నా, వాడు ఆ బిడ్డ దాకా రాలేకపోతున్నాడు.