గిన్నె మునిగేలోపు

నల్లమల అంచున బసవయ్య గారి దగ్గర వైద్యం నేర్చుకోవాలంటే ముందొక పరీక్ష గట్టెక్కాలి. అడుగున చిల్లున్న రాగిగిన్నెను నీళ్ళమీద వదుల్తారు. అది మునిగేలోపు నూరు మూలికల పేర్లు వరసగా అప్పజెప్పాలి. అంతే, ఇంకేమీ అడగరు.

పరీక్ష పెట్టేది పెద్ద శిష్యుడు ఎల్లమంద. తను చేరిన ఏడు అందరికన్నా ముందు అప్పజెప్పింది తనే. ఆ సంగతి ఊళ్ళో కోళ్ళక్కూడా తెలుసు, అన్నిసార్లు చెప్పాడు మహానుభావుడు.

ఆ పొద్దున నాగభూషణం అనే కుర్రాడు పరీక్ష తప్పి, మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాణ్ణి పంపించేసి ఎల్లమంద నేరుగా గురువు దగ్గరికి వచ్చాడు.

"ఈ పరీక్ష మార్చేస్తారటగా అయ్యగారూ! నిజమేనా?"

"ఆలోచిస్తున్నాను. కూచోబెట్టి కాసేపు మాట్లాడి చేర్చుకుంటే పోలా?"

"మాట్లాడితే మనకి నచ్చినవాడే లోపలికొస్తాడు. గిన్నెకి మనవాడూ పరాయివాడూ ఉండరు కదండీ!"

"అదీ నిజమేరా," అన్నారు బసవయ్య గారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

"పైగా..." ఎల్లమంద గొంతు సన్నబడింది. "దీన్ని తీసేస్తే, అప్పట్లో నేను నెగ్గినదానికి విలువేముంటుందండీ?"

గురువు నవ్వి, గిన్నె తెచ్చి నీళ్ళమీద వదిలారు. "ఏదీ, ఓసారి చెప్పు. నీ నోట విని చాన్నాళ్ళయింది."

ఎల్లమంద ఉత్సాహంగా అందుకున్నాడు.

"ఉత్తరేణి, తిప్పతీగ, నేలవేము... నేలవేము ఈసారి వాగు అవతల ఏపుగా పెరిగిందండీ, ఎండలు ముదరకముందే తెప్పించాలి. అడ్డసరం... అయ్యో, రంగమ్మత్తకి దగ్గు తగ్గిందో లేదో! సాయంత్రం వెళ్ళి చూసొస్తాను. నల్లేరు... ఇది మొన్న ఎద్దు కాలికి కట్టాం చూడండి..."

బుడుంగుమని గిన్నె మునిగింది.

ఎల్లమంద మునిగిన గిన్నెకేసి వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే... నేనూ తప్పినట్టేనా?"

"శుభ్రంగా తప్పావు," అన్నారు గురువు హాయిగా. "ఇంతకీ ఇందాక ఆ కుర్రాడెందుకు తప్పాడు?"

"కరక్కాయ దగ్గర ఆగిపోయాడండీ. మా తాతకి గొంతు బొంగురుపోతే ఇదే బుగ్గన పెట్టేవాళ్ళం, కాసేపటికి గొంతు తేటపడేది అంటూ కబుర్లలో..."

మాట సగంలో ఆగిపోయింది. మరుక్షణం ఎల్లమంద పంచె ఎగ్గట్టి బాటమ్మట పరుగు తీశాడు.

"ఒరేయ్ నాగభూషణం! ఆగరా నాయనా, నీకు పుణ్యముంటుంది!"

బసవయ్య గారు వంటింటివైపు తిరిగి కోడల్ని కేకేశారు.

"ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పొయ్యమ్మా. పరీక్ష తప్పినవాళ్ళు ఇద్దరున్నారు భోజనానికి."