ఎదురుగా కూర్చోబెట్టిన పిల్ల

"అబద్ధమాడిన పిల్లకు ఏం శిక్ష వేయమంటారు, అయ్యవారూ?" అని అడిగాడు శేషగిరి.

అడిగింది ఒక సంగీత పాఠశాలలో. గోదావరి పాయ పక్కన, ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది. పిల్లలు అక్కడే ఉండి చదువుతోపాటు పాటా వాద్యమూ నేర్చుకుంటారు. అయ్యవారంటే దాన్ని స్థాపించిన పేరిశాస్త్రిగారు. శేషగిరి చిన్నప్పుడు ఆయన దగ్గరే మృదంగం నేర్చుకుని, ఇప్పుడు పాఠశాల బాగోగులన్నీ తానే చూస్తున్నాడు. నలభై దాటిన మనిషి, మంచివాడని పేరు. మంచివాళ్ళు నిశ్చింతగా చేసే పనులు చూస్తే నాకు అప్పుడప్పుడు భయం వేస్తుంది.

జరిగింది ఇది. వయొలిన్ నేర్చుకుంటున్న భవాని అనే పదకొండేళ్ళ పిల్ల ముందురోజు శేషగిరి దగ్గరికి వచ్చింది. పట్టాభి మాస్టారు పాఠం అయ్యాక తనొక్కదాన్నే ఉండమంటున్నారనీ, తలుపు వేసి, కమాను పట్టు సరిచేసే నెపంతో తాకకూడని చోట తాకుతున్నారనీ చెప్పింది. ఆ పాఠశాలలో మొదటినుంచీ ఒక నియమం ఉంది. ఎవరి మీద ఫిర్యాదు ఉన్నా వెనక చెప్పకూడదు. ఇద్దరూ తంబురా ముందు ఎదురెదురుగా కూర్చుని ముఖాముఖి చెప్పుకోవాలి. నా తీగ తెంపాడని, నా చాప లాక్కున్నాడని పిల్లల మధ్య వచ్చే తగాదాలు దానితో ఇట్టే తీరిపోయేవి. శేషగిరి ఆ నియమాన్నే పాటించాడు. పట్టాభిని పిలిపించి, భవానిని అతనికి ఎదురుగా కూర్చోబెట్టి, "ఇప్పుడు చెప్పమ్మా, మాస్టారు ఏం చేశారో" అన్నాడు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ కూర్చుని, చివరికి "ఏం చేయలేదండి. ఊరికే చెప్పాను" అంది. పట్టాభి నవ్వి, "పోనీలెండి, చిన్నపిల్ల" అన్నాడు. శేషగిరికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

పేరిశాస్త్రిగారు అంతా విన్నారు. శిక్ష మాట ఎత్తలేదు.

"పట్టాభి ఇప్పుడెక్కడున్నాడు?"

"పాఠం చెబుతున్నాడండి."

ఆయన లేచి తానే వెళ్ళి పాఠం ఆపించారు. కబురు చేసేదాకా ఇక్కడికి రావద్దని చెప్పి పట్టాభిని ఊళ్ళోని ఇంటికి పంపేశారు. పిల్లల రక్షణ చూసే జిల్లా ఆఫీసుకు స్వయంగా ఫోన్ చేశారు. భవాని తల్లిని పిలిపించారు. శేషగిరికి ఇదంతా మింగుడుపడలేదు.

"పిల్లే అబద్ధమని ఒప్పుకుంది కదండీ. అంత గౌరవస్థుణ్ణి గేటు దాటించారు. రేపు పేపర్లో పడితే పాఠశాల పేరు ఏమైపోతుంది?"

పేరు గుర్తొచ్చినంత తొందరగా మనకు పిల్ల గుర్తు రాదు. అది శేషగిరి ఒక్కడి జబ్బు కాదు. పేరిశాస్త్రిగారు మాత్రం, "సాయంత్రం నేను పాడతాను. మృదంగం నువ్వు పట్టు" అన్నారు.

అది శుక్రవారం. శుక్రవారాలు సాయంత్రం పాఠశాల హాలులో పాట ఉంటుంది, ఊళ్ళోంచి పెద్దమనుషులు వచ్చి వింటారు. ఆ రోజూ వచ్చారు. పేరిశాస్త్రిగారు హాయిగా పాడుతూ పాడుతూ, ఒక కీర్తన చరణం దగ్గర తాళానికి ముందే పాట అందుకున్నారు. ఆయన జన్మలో చేయని తప్పు. గాయకుడు తాళం తప్పితే పక్కన వాయించేవాడు ఆ తప్పు సభకు తెలియకుండా సర్దుతాడు. అది ఆ వృత్తిలో మర్యాద. శేషగిరి చేతులు ఆలోచించకుండానే ఆ పని చేశాయి. దెబ్బ మార్చి, గురువుగారు ఎక్కడుంటే తాళం అక్కడే ఉన్నట్టు చేశాడు. హాలులో ఎవరికీ ఏమీ తెలియలేదు.

పాట అయ్యాక జనం ఇంకా లేవకముందే పేరిశాస్త్రిగారు మైకులోనే అడిగారు. "శేషగిరీ, చరణంలో నేను తాళం తప్పానా?"

శేషగిరి నవ్వుతూ చేతులు జోడించాడు. "తమరు తప్పడమేమిటండీ? లేదు."

జనం మెచ్చుకోలుగా నవ్వి, నమస్కారాలు పెట్టి వెళ్ళిపోయారు. హాలులో ఇద్దరే మిగిలారు.

"తప్పాను. కావాలనే తప్పాను. నీకు తెలుసు కదూ?"

"తెలుసండి."

"అడిగితే లేదన్నావేం?"

"అంతమందిలో తమరి ముఖం మీద ఎలా చెప్పమంటారు?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తనేమన్నాడో శేషగిరికి వినపడలేదు. వినపడ్డాక మృదంగానికి గుడ్డ చుడుతున్న చేతులు ఆగిపోయాయి.

"నేను నీకు ఏ హానీ చేయలేదు" అన్నారు పేరిశాస్త్రిగారు. "నా గది తలుపు నీ మీద మూసుకోలేదు. రేపు ఒంటరిగా నా దగ్గరికి పాఠానికి రావాల్సిన అవసరమూ నీకు లేదు. ఆ పిల్ల మర్నాడు అతని గదికే వెళ్ళాలని తెలిసీ నీ ముందు కూర్చుంది."

శేషగిరి తల ఎత్తలేకపోయాడు. ఆ పిల్ల నేల వంక చూస్తున్నప్పుడు తాను గడియారం వంక చూశానన్నది ఇప్పుడు గుర్తొచ్చి, ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. అయినా లోపల మిగిలిన ఒక్క ముల్లు ఉండబట్టలేక బయటికి వచ్చింది. "ఒకవేళ పట్టాభి ఏ తప్పూ చేయలేదేమో, అయ్యవారూ."

"చేయలేదని తేలితే నేనే వాళ్ళింటికి వెళ్ళి చేతులు పట్టుకుని తీసుకొస్తాను. తేల్చాల్సింది నువ్వూ కాదు, నేనూ కాదు. ఇన్నేళ్ళు అతని పక్కన కూర్చుని భోంచేసినవాళ్ళం." ఆయన గొంతు తగ్గింది. "ఎదురెదురుగా కూర్చోబెట్టమని నియమం పెట్టింది నేను. పిల్లల తగాదాలకు పెట్టాను. పెద్దవాడి మీద పిల్ల చెప్పే రోజు వస్తుందని నాకు తోచనే లేదు. సిగ్గు నీ ఒక్కడిదే అనుకోకు."

మర్నాడు ఉదయం జిల్లా ఆఫీసునుంచి ఒక అధికారిణి వస్తానన్నారు. అంతకుముందే భవానికి క్షమాపణ చెప్పుకుంటానన్నాడు శేషగిరి. "చెప్పు. కానీ దాన్ని ఏమీ అడగకు. అడగాల్సినవాళ్ళు వస్తున్నారు" అని పంపారు గురువుగారు.

భవాని వరండాలో తల్లి పక్కన కూర్చుని జడ వేయించుకుంటోంది. శేషగిరిని చూడగానే, సగం వేసిన జడ తల్లి చేతిలోంచి జారిపోతుంటే చటుక్కున లేచి నిలబడింది. అతను నోరు తెరిచేలోపే చేతులు కట్టుకుని, "ఇంకెప్పుడూ ఎవరి మీదా ఏమీ చెప్పనండి, మాస్టారూ" అంది.

శేషగిరి తిరిగివచ్చి ఆ మాట గురువుగారికి చెప్పాడు.

పేరిశాస్త్రిగారు వరండా వైపు చూశారు. తర్వాత అన్నారు:

"మన దగ్గర ఏ పిల్లా ఏ పాఠమూ ఇంత తొందరగా నేర్చుకోలేదు, శేషగిరీ."