సూరాచారి గారి తెల్ల తువ్వాలు

గాజువాకలో మా వెల్డింగ్ షెడ్డుకి పెద్ద మేస్త్రి సూరాచారి గారు. ఆయన దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చుకున్న పైడిరాజుకి దసరా మర్నాడే పెద్ద పరీక్ష వచ్చిపడింది. మంచినీళ్ల ట్యాంకరు అడుగు అతుకు తనొక్కడే వెయ్యాలి. మధ్యాహ్నం మూడింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. నెగ్గితే పైడిరాజు మేస్త్రి అవుతాడు. లేదంటే మళ్లీ ఏడాది ఆగాలి.

పొద్దున్నుంచీ మిషను మొరాయిస్తోంది. గన్నులోంచి, కరిగి అతుకు పడాల్సిన వైరు ఒకసారి వస్తుంది, ఒకసారి ఆగుతుంది. దాని కొసన ఒకే తీరున మండాల్సిన ఆర్కు మంట టప్పుటప్పుమని ఆరిపోతోంది. అతుకు చుట్టూ ఇనప గుళ్లు అంటుకుపోతున్నాయి.

పైడిరాజు గ్యాసు చూశాడు. ఎర్తు క్లాంపు మార్చాడు. గన్ను చివర కొత్త టిప్పు వేశాడు. వైరుని ముందుకు తోసే రోలర్లని ఇంకా బిగించాడు. అంతే, ముందుకెళ్లే దారిలేక వైరు అక్కడే ఉండచుట్టుకుపోయింది. అప్పటికి మావాడి బుర్ర కూడా అలాగే ఉంది.

"గురువుగారూ, ఇది పాత మిషను. నా చెయ్యి బాగానే ఉంది," అన్నాడు.

చెయ్యి బాగానే ఉంది, ఒప్పుకోవాలి. నోరే కాస్త ఎక్కువ.

సూరాచారి గారు లేచొచ్చి రోలర్లు వదులు చేశారు. చిక్కుపడ్డ వైరుని కత్తిరించి, మిషను నుంచి గన్నుకి వెళ్లే గొట్టంలాంటి కేబులులో మిగిలింది బయటికి లాగేశారు. గన్ను చివర టిప్పు విప్పారు. భుజం మీది తెల్ల తువ్వాలు పైడిరాజుకిచ్చి, గన్ను ముందు పట్టుకోమన్నారు. కేబులు రెండో కొసన గాలి గొట్టం పెట్టి బుస్సుమని వదిలారు.

తువ్వాలంతా పసుపు. మధ్యలో ఎర్రగా కుంకం.

మేమంతా పైడిరాజు వైపు చూశాం. నిన్న ఆయుధపూజలో మేం మిషను మీద మూడు బొట్లు పెట్టి ఊరుకున్నాం. వీడు మాత్రం, పరీక్ష ఉంది కదా అని, పక్క తలుపు తీసి లోపలున్న వైరు చుట్టకి కూడా గుప్పెళ్లతో పసుపు కుంకం దట్టించాడు. వైరు కదిలినప్పుడల్లా ఆ పొడిని కేబులులోకి లాక్కుపోయింది.

వాడికి సిగ్గేసింది. తలెత్తలేదు. గురువుగారు పసుపంటిన చుట్ట తీసేశారు. కొత్త చుట్ట ఎక్కించి, గన్ను వాడి చేతికిచ్చి, వెళ్లి తన పని చూసుకున్నారు.

ఆర్కు నిలబడింది. సన్నటి చప్పుడు, ఎక్కడా తెగలేదు.

మూడింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ట్యాంకు నిండా నీళ్లు పోయించి, కింద దూరి అతుకంతా తడిమి చూశాడు. చుక్క కారలేదు. పైడిరాజు పేరు రాసుకుని వెళ్లాడు. మాకెంత సంతోషమో చెప్పలేను. వాడికైతే కళ్లనీళ్లే తిరిగాయి.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ వాడు మెల్లగా అడిగాడు. "గురువుగారూ, వచ్చే దసరాకి మిషనుకి పసుపు కుంకం మానెయ్యమంటారా?"

"అదేం మాట? పెట్టు మేస్త్రీ," అన్నారు సూరాచారి గారు. "బొట్టు నుదుటిన పెట్టు. కంట్లో పెట్టకు."