తివాచీ బొచ్చు దొంగ

ఒకానొక రాజ్యంలో తిండికి కొదవ లేదు గాని, నమ్మకానికి మాత్రం కరువు. ఆ రాజ్యాన్ని ఏలే చండభానుడికి తన నీడ మీద కూడా అనుమానమే. వంటవాడు ఉప్పు తక్కువ వేస్తే దాచుకున్నాడంటాడు, ఎక్కువ వేస్తే దేన్నో కప్పిపుచ్చుతున్నాడంటాడు.

ఒకసారి ఓడ వర్తకుడొకడు పడమటి ఎడారి దేశం నుంచి ఒక తివాచీ తెచ్చి ఆయనకు కానుకిచ్చాడు. అది అక్కడి కొండజాతి ఆడవాళ్లు గొర్రె ఉన్నితో చేత్తో నేసినది. "నీళ్లు తగలనివ్వకండి, అప్పుడప్పుడు ఎండలో దులపండి, పదిమందీ నడిచేకొద్దీ మెత్తబడుతుంది" అని చెప్పి వెళ్లాడు.

'తొక్కమంటున్నాడంటే అది తొందరగా అరిగిపోవాలని! ఇంకొకటి నాకు అంటగట్టాలని!' అనుకున్నాడు రాజు. దాన్ని ఒక గదిలో పరిపించి, ఊడ్చే నూకాలును తప్ప ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

ఒక పొద్దున నూకాలు చేటనిండా తెల్లటి బొచ్చుతో బయటికి వస్తూ ఆయన కంటపడింది. ఆమె కొంగుకీ అదే బొచ్చు.

"దొరికావు! రోజుకింత పీక్కుపోయి కంబళి నేయించుకుంటున్నావు కదూ?"

"అయ్యో మారాజా, అది దానంతట అదే రాలతంది!"

"రాలడానికి అదేమన్నా ఎండుటాకా? రేపు సాయంత్రం గుండు గీసి, గాడిదెక్కించి దేశం దాటిస్తాను!"

నూకాలు చేట కింద పెట్టి చేతులు జోడించింది. మంచం పట్టిన అత్తను మోసుకుని పాపం ఏ దేశం పోతుంది?

ఆస్థానంలో పేరిభట్టు అనే చమత్కారి ఉన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని రాజుకు వాడి మీదా అనుమానమే. ఆ పేరిభట్టు సంగతి విని ముందుకొచ్చి, "ప్రభువులు ఇంత తేలిగ్గా నమ్మేస్తే ఎలా? దీని వెనక పెద్ద తలకాయలు ఉండవూ?" అన్నాడు.

రాజు కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లకు తనను మించిన అనుమానస్థుడు దొరికాడు!

"ఏం చేద్దామంటావు?"

"ఆ బొచ్చు అంటుకుంటే ఓ పట్టాన వదలదు. రేపు కొలువులో అందరి బట్టలూ వెతికిద్దాం. ఎవరి ఒంటి మీద దొరికితే వారే దొంగ, ఎంతటివారైనా గాడిద ఎక్కాల్సిందే. ఈలోగా ఒక్క పోగు పోకుండా తమరే గదికి తాళం వేసుకుని లోపలే కాపలా కాయండి."

ఆ మాటే రాజు ఊరంతా దండోరా వేయించాడు. మర్నాడు పొద్దుటినుంచీ తివాచీ మీదే కూర్చున్నాడు, కాసేపు నడుం వాల్చాడు, గోడ మీద బల్లి కదిలితే దాన్నీ గద్దించాడు. సాయంత్రం తిన్నగా కొలువుకొచ్చి సింహాసనం ముందు నిలబడ్డాడు.

మంత్రి మొదలు వింజామరల వాళ్ల దాకా అందరినీ వెతికారు. ఎవరి మీదా నూలుపోగంత బొచ్చు లేదు.

"ఇంకొక్కరు మిగిలారు ప్రభూ" అన్నాడు పేరిభట్టు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రాజు చెయ్యి తన భుజం మీదికే పోయింది. గుప్పెడు బొచ్చు ఊడి వచ్చింది. నీలి మఖమలు అంగీ వీపంతా తెల్లగా ఉంది.

"నువ్వే అంటించావు!" అని అరిచాడు రాజు.

"గది తాళంచెవి తమరి మొలలోనే ఉంది కదా ప్రభూ!"

రాజు ఒక్కొక్కరి ముఖమూ అనుమానంగా చూశాడు. అందరూ నేల చూపులే. చివరికి గొంతు తగ్గించి, "మరి ఇదెలా?" అన్నాడు.

"కొత్త ఉన్ని గుణమే అంత. కొన్నాళ్లు నలుగురూ నడిచి, ఎండలో దులిపితే అదే సర్దుకుంటుంది. గదిలో మూసిపెడితే చిమ్మటలు కొట్టేస్తాయి. అప్పుడు చిమ్మటలన్నిటికీ గాడిదలు వెతకలేక చావాలి!"

రాజు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. తన చేతి కడియం తీసి పేరిభట్టుకు తొడిగాడు. తివాచీని కొలువుకూటంలో పరవమన్నాడు. నూకాలును పిలిపించి, మెడలోని ముత్యాలహారం తీసి ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఏం, తీసుకోవేం?"

"తీసుకుంటాను మారాజా. తవరే ఇచ్చారని ముందు దండోరా ఏయించండి. రేపు మెడ తడుముకుని హారం ఏదని అడిగితే నా గతేం కాను?"

రాజు ఈసారి కళ్ల నీళ్లు తిరిగేలా నవ్వి, దండోరా వాణ్ణి కేకేశాడు. డప్పు మోగి, ఆ మాట ఊరంతా వినబడ్డాకే నూకాలు చెయ్యి చాపింది.