నక్క చెప్పిన పది తట్టల అప్పు

చింతలవాగు అడవిలో ఎవడి కొంప అప్పుల్లో మునిగినా పిలిచేది ఏదుపంది ఏదులయ్యనే. ఆయన ముళ్ళు ఎంత పొడుగంటే, ఇక్కడ ఆయన ఒళ్ళు విరుచుకుంటే పక్క అడవిలో కోతులు పిర్రలు తడుముకునేవి. నమ్మకపోతే ఆ కోతుల్నే అడుక్కోండి.

ఆ ఏడు గాలివానకి గిజిగాడు అద్దెకిద్దామని అల్లిన గూళ్ళన్నీ వాగులో కొట్టుకుపోయాయి. మిగిలింది పిల్లలున్న గూడొక్కటే. అల్లినన్నాళ్ళూ తినడానికి అప్పు తెచ్చిన జొన్నలు మాత్రం నెత్తిమీద కూర్చున్నాయి. అప్పులోళ్ళంతా ఆ గూడున్న వాగొడ్డు తుమ్మచెట్టు కింద చేరారు: ఉడత, కాకి, నక్క.

ఏదులయ్య వస్తూనే అడిగింది అప్పు సంగతి కాదు.

“ఒరే గిజిగా, తిన్నావా?”

“నిన్నట్నుంచీ లేదు మావా.”

ఏదులయ్య ముళ్ళ మధ్యలోంచి జొన్నకంకి తీసి పైకి విసిరాడు. “ముందు తిను. కడుపు మాడేవాడికి లెక్క తిన్నగా రాదు.”

నక్క పళ్ళికిలించింది. “మేపడానికొచ్చావా బావా, తీర్పుకొచ్చావా? ఆ గూడు దించి, ఉన్నదున్నట్టు నాకిప్పించు. పెద్దప్పు నాది.”

“ఉన్నదున్నట్టంటే, పిల్లల్తో సహానా?” అంది ఉడత.

“గూడడిగాను. లోపలేముంటే అది నా అదృష్టం.”

గిజిగాడు గూటి మూతికి అడ్డంగా రెక్కలు చాచాడు. ఏదులయ్యకి ముల్లొక్కటీ కదల్లేదు. ఇలాంటి నక్కల్ని పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూసే రకం ఆయన.

“సరే. మన వాగు కట్టుబాటు తెలుసుగా? నీళ్ళలో కాలు పెట్టి ఎవరప్పు ఎంతో చెప్పండి. చెప్పింది చెప్పినట్టే.”

ఉడత రెండు తట్టలంది. కాకి మూడంది, “చచ్చినోడి పెళ్ళికి వచ్చిందే కట్నం” అని గొణుక్కుంది. నక్క ఇచ్చింది ఒక్క తట్ట, అదీ ఎవరి కళ్ళంలోనో కొట్టుకొచ్చింది. పెద్దప్పుకి పెద్ద వాటా వస్తుందని, కాలు మోకాలిదాకా ముంచి “పది!” అంది.

“మావా, అబద్ధం!” గిజిగాడు కెవ్వుమన్నాడు.

“నువ్వుండరా. పదంటే పదే,” అన్నాడు ఏదులయ్య. “ఇప్పుడు వినండి. గూడు పీకితే ఎవరికీ గింజ రాదు. వీడి ముక్కు ఆడితే మళ్ళీ గూళ్ళొస్తాయి, అద్దెలొస్తాయి, అందరప్పూ తీరుతుంది. అందాకా వీణ్ణీ పిల్లల్నీ మనమే మేపాలి. ఎవరప్పుని బట్టి వాళ్ళ మేత. ఉడతమ్మా, రోజూ రెండు దోసిళ్ళ గింజలు. కాకీ, నువ్వు మూడు. నక్క బావా, పది!”

“పదా! రోజూనా! ఎండలో గింజలేరుతూ నేనా!”

“పెద్దప్పు నీదేగా. పెద్దరికం ఊరికే వస్తుందా?”

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నక్క నీళ్ళలోంచి కాలు లాగేసుకుంది. “బావా, పది కాదు! ఒకటే! ఒక్క తట్టే ఇచ్చాను!”

కాకి నవ్వలేక కొమ్మమీంచి జారిపడింది.

“ఆ ఒక్కటీ నీకొస్తుందిలే,” అన్నాడు ఏదులయ్య. “నా దగ్గర ఎవరి గింజా పోదు. కాకపోతే నీళ్ళలో కాలు పెట్టి బొంకినోడిది వరసలో ఆఖరి చోటు. పో, కాకి తోక వెనక నిలబడు.”

ముగ్గురూ మేపగా గిజిగాడు అల్లిన కొత్త గూళ్ళకి అద్దెలొచ్చాయి. ఉడత తీసుకుంది, కాకి తీసుకుంది. నక్క వంతు వచ్చేసరికి, నిలబడి నిలబడి దాని కాళ్ళ చుట్టూ చెదపుట్ట లేచింది. ఆ పుట్ట ఇంకా ఉంది, కావాలంటే చూసిరండి.

అప్పున్నోడి ముక్కు విరగ్గొడితే అప్పు తీరదు, ఆ ముక్కుకి పని చూపిస్తేనే తీరుతుంది.